మాత్రకీ మాత్రకీ మధ్య

ఉదయం తొమ్మిదింటికి మామయ్య చొక్కా గుండీలు తనే పెట్టుకుంటాడు. పదకొండున్నరకి అవే గుండీలు ఆయన వేళ్లకి లొంగవు. మాత్ర వేసుకున్న ముప్పావుగంటకి మళ్లీ లేచి, నీళ్లు తాగిన గ్లాసు తనే కడిగి పెడతాడు. చూడ్డానికి వచ్చినవాళ్లకి ఇదంతా వింతగా ఉంటుంది. ‘ఇందాక బాగానే నడిచాడుగా!’ అంటారొకరు. ‘మనం వచ్చామని చేస్తున్నాడేమో’ అంటారు ఇంకొకరు, గొంతు తగ్గించి. పార్కిన్సన్స్ జబ్బుతో ఆయనకి తగ్గింది నడక, వినికిడి కాదు.

ఏటా ఏప్రిల్ 11న ప్రపంచ పార్కిన్సన్స్ దినం జరుపుతారు. ఆ రోజు మనకి చేరే సందేశం దాదాపు ఒక్కటే: చేయి వణికితే డాక్టర్ని కలవండి. అది తప్పు కాదు కానీ సగం మాట. ఈ జబ్బు గురించి 1817లో మొదట వివరంగా రాసిన లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ దీన్ని ‘వణుకు పక్షవాతం’ అన్నాడు. ఆయన రాసింది ఆరుగురి గురించే, వాళ్లలో కొందరిని వీధిలో చూశాడంతే. అందరికీ వణుకు రాదు, ఇది పక్షవాతమూ కాదు అంటూ తర్వాత ఫ్రెంచి వైద్యుడు షార్కో ఆ పేరు వద్దని, పార్కిన్సన్ పేరే పెట్టాడు. పేరైతే మారింది గానీ మన చూపు ఇంకా వణికే చేతి మీదే ఉంది.

అసలు పోయేది అలవాటైన పనిలోని సులువు. మెదడులో కదలికలకి తోడ్పడే డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు నశిస్తూ వస్తాయి. బయటికి కనబడే నాటికే వాటిలో చాలా భాగం పోయి ఉంటుంది. అంతకు ఏళ్ల ముందే కొందరికి వాసన తెలియకుండా పోతుంది, మలబద్ధకం పట్టుకుంటుంది, నిద్రలో కలకి తగ్గట్టు కాళ్లూ చేతులూ విసురుతారు. ఇవి వేరే కారణాలతోనూ వస్తాయి కాబట్టి కంగారు అక్కర్లేదు. కానీ వీటికి తోడు చేతిరాత చిన్నదైపోతున్నా, నడిచేటప్పుడు ఒక చేయి ఊగకపోయినా న్యూరాలజిస్ట్‌కి చూపించుకోవాలి. భుజం పట్టేసిందని ఎముకల డాక్టర్ల చుట్టూ తిరిగి ఆలస్యం చేసుకున్నవాళ్లు ఎందరో. ఇది ముసలివాళ్ల జబ్బే అనుకోవడమూ పొరపాటే. నటుడు మైకేల్ జె. ఫాక్స్‌కి ఇది బయటపడింది 29 ఏళ్లకి.

ముఖం సంగతి ఇంకా అన్యాయం. ముఖ కండరాలు బిగుసుకుపోయి, రెప్పపాటు తగ్గుతుంది. లోపల నవ్వుతున్నా బయటికి రాదు. దాన్ని జనం కోపమనో, పొగరనో అనుకుంటారు. గొంతు సన్నబడుతుంది. చెప్పాల్సిన మాట పెదవి దాకా వచ్చేలోపే పక్కవాళ్లు అందుకుని పూర్తి చేసేస్తారు. నలుగురిలోకి వెళ్లడం మానేస్తే ‘ఆయన స్వభావమే అంత’ అని తేల్చేస్తారు. దిగులు కూడా ఈ జబ్బులో భాగమే, దానికీ వైద్యం ఉందని ఎంతమందికి తెలుసు?

మందు విషయానికొస్తే, 1960ల నుంచి ఇప్పటిదాకా ప్రధానమైనది మెదడులో డోపమైన్‌గా మారే లెవోడోపానే. మొదటి ఏళ్లలో రోజంతా బాగా పనిచేస్తుంది. తర్వాత తర్వాత ఒక్కో మోతాదు కొన్ని గంటలే నిలుస్తుంది. పనిచేసే సమయాన్ని ‘ఆన్’ అని, దిగిపోయే సమయాన్ని ‘ఆఫ్’ అని రోగులే అంటుంటారు. మాంసకృత్తులు ఎక్కువున్న భోజనంతో పాటు వేసుకుంటే కొందరికి మాత్ర సరిగా అందదు. ఇంకో చిత్రం: శరీరం మెలికలు తిరిగినట్టు ఊగుతుంటే అందరూ జబ్బు ముదిరిందని జాలిపడతారు. చాలాసార్లు అది మందు ప్రభావమే. రోగి హాయిగా కదలగలిగే సమయం కూడా తరచూ అదే.

అందుకే నన్నడిగితే, అవగాహన ముందు రావాల్సింది వీధిలో కాదు, ఆసుపత్రి వార్డులో. మామయ్య వేరే ఆపరేషన్ కోసం చేరినప్పుడు మాత్రలు మా దగ్గర తీసేసుకుని, వార్డు వేళలకి ఇచ్చారు. రెండు రోజుల్లో మంచం మీద పక్కకి తిరగలేని స్థితికి వచ్చాడు. నర్సులది దురుసుతనం కాదు, ఒక గంట ఆలస్యమైతే ఏమవుతుందో వాళ్లకెవరూ చెప్పలేదు. ఈ మందు హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదికి రావచ్చు. వాంతులకి మామూలుగా ఇచ్చే మెటోక్లోప్రమైడ్, అలజడి తగ్గించే హాలోపెరిడాల్ డోపమైన్‌ని అడ్డుకుంటాయి కాబట్టి పరిస్థితి ఇంకా దిగజారుతుంది. ఇవ్వకూడని ఈ రెండు మందుల పేర్లూ, వేసుకోవాల్సిన మాత్రల వేళలూ ఒక కాగితం మీద రాసి రోగి జేబులో పెట్టడం వంద బ్యానర్ల కన్నా మేలు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 అంచనా ప్రకారం ఈ జబ్బుతో బతుకుతున్నవాళ్లు 85 లక్షలకు పైనే. వాళ్లలో చాలామందికి రోజూ ఎదురయ్యే గండం గుమ్మం. అక్కడికి రాగానే కాళ్లు నేలకి అతుక్కుపోతాయి. ‘నడవండి, నడవండి’ అని చేయి పట్టి లాగితే ఇంకా బిగుసుకుపోతారు, పడిపోతారు కూడా. నేల మీద గీత కనబడితే మాత్రం కొందరు దాన్ని దాటేస్తారు. ఫిజియోథెరపిస్ట్ చెబితే మేమూ గుమ్మం ముందు రంగు టేపు ముక్కలు అడ్డంగా అతికించాం. మొన్నొక చుట్టం వాటిని చూసి ‘పిల్లల పనా?’ అంటూ గోటితో పీకబోయాడు. అత్తయ్య అరిచిన అరుపుకి పక్కగదిలోంచి మామయ్య లేచి వచ్చాడు, ఒక్కో గీతా దాటుకుంటూ.