మండల విలేకరికి జీతమేదీ?

వలస వెళ్లిన పాలమూరు కూలీకి గుంపు మేస్త్రీ కూలి డబ్బులు ఎగ్గొట్టినా, నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి మండలాల్లో నల్లా ఆగిపోయి జనం మళ్లీ ఫ్లోరైడ్ బోరు నీళ్లకే పోవాల్సి వచ్చినా, ఆ సంగతి మానవ హక్కుల కమిషన్‌ దాకా వెళ్లేలోగా తెలిసేది మండల విలేకరికి. పత్రికా స్వేచ్ఛపై రాజధానుల్లో జరిగే చర్చల్లో ఈ మనిషి ఊసు మాత్రం రాదు.

వార్తకూ హక్కుకూ ఉన్న సంబంధాన్ని 1979 నాటి హుస్సేనారా ఖాతూన్ కేసు తేల్చి చూపింది. నేరం రుజువైతే పడే శిక్ష కంటే ఎక్కువ కాలం విచారణ ఖైదీలుగానే బిహార్ జైళ్లలో మగ్గిన వారి గురించి ఒక ఆంగ్ల దినపత్రిక కథనాలు ప్రచురించింది. వాటి ఆధారంగా దాఖలైన పిటిషన్‌పైనే సుప్రీంకోర్టు, సత్వర విచారణ 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని ప్రకటించింది. ఆ కథనాలు అచ్చు కాకపోతే ఆ ఖైదీల గోడు కోర్టు గడప తొక్కేదా అన్నది సందేహమే.

దక్షిణ తెలంగాణకు ఇది కొత్త పాఠం కాదు. నిజాం సంస్థానంలో సభ పెట్టుకోవడానికే సర్కారు అనుమతి కోరవలసిన రోజులవి. 1922లో నల్లగొండ నుంచి ‘నీలగిరి’ పత్రిక వెలువడింది. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1926లో హైదరాబాద్‌లో ‘గోలకొండ’ను ప్రారంభించారు. నాటి పత్రికలకు ఎదురుగా నిలిచినది నిజాం సర్కారు, అదీ బాహాటంగా. నేటి ఒత్తిడికి ముఖం లేదు. చాలా మండలాల్లో విలేకరికి నెల జీతం లేదు, ఉన్నచోట అది పెట్రోలుకైనా సరిపోదు. పైగా పండుగకూ, నాయకుడి పుట్టినరోజుకూ ఇన్ని ప్రకటనలు తేవాలని యాజమాన్యం టార్గెట్ పెడుతుంది. ఆ ప్రకటన ఇచ్చేది ఇసుక లారీల యజమానో, కాంట్రాక్టరో, స్థానిక ప్రజాప్రతినిధో అయినప్పుడు, మర్నాడు అతడి మీదే వార్త రాయమని విలేకరిని అడగడం అన్యాయం. ఇళ్ల స్థలం, విలేకరిగా సర్కారు గుర్తింపునిచ్చే అక్రెడిటేషన్ కార్డు సైతం ఎవరి దయతోనో రావలసి ఉంటే కలం ఎంత దూరం సాగుతుంది? అన్నిటికీ తెగించి రాసినవాడికి భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద పరువునష్టం కేసు పడితే, వాయిదాలకు సొంత ఖర్చుతో తిరగవలసింది అతడే. లొంగిపోయి పైసలు దండుకునే వారూ ఈ వృత్తిలో ఉన్నారు. వారిని చూపి అందరి నోరూ కట్టడం తగదు.

ప్రభుత్వాన్ని విమర్శించినంత మాత్రాన జాతీయ భద్రతకు ముప్పు అనలేమని 2023 ఏప్రిల్‌లో మలయాళ వార్తా ఛానల్ మీడియావన్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ తీర్పు మండల కేంద్రం దాకా రావాలంటే కొన్ని పనులు ఇక్కడే జరగాలి. ప్రకటనల వసూలు బాధ్యత నుంచి విలేకరులను యాజమాన్యాలు పూర్తిగా తప్పించాలి, నెలవారీ వేతనాన్ని రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, వార్త వల్ల వచ్చిన కేసును సంస్థే తన ఖర్చుతో నడపాలి. ప్రజల సొమ్ముతో ఇచ్చే ప్రకటనలు ఏ పత్రికకు, ఏ ఛానల్‌కు ఎంత చేరాయో సమాచార పౌరసంబంధాల శాఖ మూడు నెలలకోసారి ఎవరూ దరఖాస్తు చేయకుండానే వెల్లడించాలి. అక్రెడిటేషన్ నిరాకరిస్తే కారణం కాగితం మీద ఇవ్వాలి.