మెరుగుదల లేదని ఫిజియోథెరపీ ఆపవచ్చా?

మెదడులోని తెల్ల పదార్థాన్ని క్షీణింపజేసే ల్యూకోడిస్ట్రఫీల వంటి అరుదైన జన్యు వ్యాధుల్లో ఫిజియోథెరపీ ఫలితాన్ని పక్షవాతానికి వాడే కొలబద్దతోనే కొలవడం సరికాదు. పక్షవాతం చాలావరకు ఒక్కసారి దెబ్బతీసి ఆగుతుంది కనుక ఆ తరువాత కోలుకున్నదంతా లాభమే. నాడీ తంతువులను చుట్టి ఉండే మైలిన్ పొర క్రమంగా నశిస్తూ పోయే వ్యాధిలో ఆ లెక్క చెల్లదు. ఆరు నెలల క్రితం ఆసరాతో నిలబడిన బిడ్డ ఇప్పటికీ అలాగే నిలబడగలిగితే, నివేదికలో ‘మార్పు లేదు’ అని రాసే ఆ స్థితి నిజానికి చిన్న ఫలితం కాదు.

వ్యాయామం మైలిన్‌ను తిరిగి పుట్టించదు. కీళ్లు ముడుచుకుపోవడాన్ని, తుంటి జారడాన్ని, వెన్ను వంకర తిరగడాన్ని, కఫం పేరుకోవడాన్ని వీలైనంత తగ్గించడమే దాని పని. ఇక్కడా అతివిశ్వాసం తగదు. కాళ్లూ చేతులూ సాగదీసే వ్యాయామాలు ఏడు నెలల లోపు కాలంలో కీళ్ల కదలికను చెప్పుకోదగినంతగా పెంచవని 2017 నాటి కాక్రేన్ సమీక్ష (అందుబాటులో ఉన్న అధ్యయనాలన్నిటినీ కలిపి చేసే పరిశీలన) తేల్చింది. కాబట్టి కుటుంబం చేత గంటల తరబడి అదే చేయించే బదులు, సరైన కూర్చోబెట్టే పద్ధతి, నిలబెట్టే ఫ్రేమ్, కీళ్లను సరైన స్థితిలో ఉంచే స్ప్లింట్లు, అవసరమైతే కండరాల బిగుతు తగ్గించే బాక్లోఫెన్ మందు లేదా బొటులినం ఇంజెక్షన్లు, తుంటికి క్రమబద్ధమైన ఎక్స్‌రేలు కలిసిన ప్రణాళిక మేలని నా అభిప్రాయం.

ఆ ప్రణాళిక వ్యాధిని బట్టి మారాలి. మెటాక్రొమాటిక్ ల్యూకోడిస్ట్రఫీలో మెదడుతో పాటు కాళ్లూ చేతుల నరాలూ దెబ్బతింటాయి కనుక కండరాల బిగుతు వెనుక బలహీనత దాగి ఉంటుంది. బిగుతును మందులతో అతిగా తగ్గిస్తే, దాని ఆధారంగానే నిలబడుతున్న బిడ్డ కూలబడవచ్చు. వానిషింగ్ వైట్ మ్యాటర్ అనే మరో ల్యూకోడిస్ట్రఫీలో తలకు తగిలే చిన్న దెబ్బ, మామూలు జ్వరం కూడా స్థితిని ఒక్కసారిగా దిగజార్చగలవు, అందువల్ల పడిపోకుండా రక్షణ ఏర్పరచకుండా సమతుల్యత సాధన మొదలుపెట్టకూడదు. అడ్రినోల్యూకోడిస్ట్రఫీలో కనిపించే నీరసానికి మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథి లోపం కారణం కావచ్చు. దాన్ని బద్ధకంగా భావించి వ్యాయామం పెంచడం ప్రమాదకరం.

మెటాక్రొమాటిక్ రకానికి జన్యు చికిత్సను ఐరోపా 2020లో, అమెరికా 2024లో ఆమోదించాయి. అది లక్షణాలు కనిపించక ముందు, లేదా తొలి దశలో ఇస్తేనే ఉపయోగం. ఆ గడువు దాటాక వ్యాధి బయటపడిన పిల్లలకు మిగిలేది పునరావాసం, ఉపశమన చికిత్సలే. వారికి మెరుగుదల చూపితేనే సెషన్లు కొనసాగిస్తామనడం అన్యాయం. నిలుపుకున్న సామర్థ్యం, తగ్గిన నొప్పి, తప్పిన శ్వాసకోశ ఇన్ఫెక్షన్, ఎత్తి పడుకోబెట్టే తల్లి నడుముపై తగ్గిన భారం కూడా ఆ నివేదికలో నమోదు కావాలి; వీల్‌చైర్ సిఫారసు నడక పూర్తిగా ఆగేదాకా వాయిదా పడకూడదు.