గర్భం రాకపోతేనే నొప్పి నిజమా?

‘ఒక్క బిడ్డ పుడితే అన్నీ అవే సర్దుకుంటాయి.’ నెలసరి నొప్పితో మెలికలు తిరిగిపోతున్న అమ్మాయికి ఈ మాట ఇరుగుపొరుగు చెబితే తెలియక అన్నారనుకోవచ్చు. మెడలో స్టెతస్కోపు ఉన్నవారే చెబితే ఏమనుకోవాలి? ఎండోమెట్రియోసిస్‌కు గర్భం మందు కాదు. గర్భాశయం లోపలి పొరను పోలిన కణజాలం గర్భాశయం బయట మొలిచే జబ్బు ఇది. జబ్బు తగ్గడం కోసమే గర్భం దాల్చమని సలహా ఇవ్వొద్దని యూరప్ సంతాన వైద్య నిపుణుల సంఘం ‘ఎష్రే’ 2022 మార్గదర్శకాల్లో విప్పి చెప్పింది. అయినా ఆ సలహా ఇంకా వినపడుతూనే ఉంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పునరుత్పత్తి వయసులో ఉన్న ప్రతి పది మంది స్త్రీలలో ఒకరికి, అంటే దాదాపు 19 కోట్ల మందికి ఈ జబ్బు ఉంది. పేరు తేలడానికి సగటున 4 నుంచి 12 ఏళ్లు పడుతోంది. ఇన్నేళ్లూ వాళ్లు నోరు మూసుకుని కూర్చోలేదు, నొప్పి అని చెబుతూనే ఉన్నారు. కానీ అదే మనిషి ఏడాది దాటినా గర్భం రాలేదని వెళ్లిందనుకోండి, స్కానింగులు, హార్మోన్ పరీక్షలు, అవసరమైతే లాప్రోస్కోపీ (పొట్టకు చిన్న రంధ్రం చేసి కెమెరాతో లోపల చూడటం), అన్నీ చకచకా జరిగిపోతాయి. పొత్తికడుపు అదే, అందులోని జబ్బూ అదే. నొప్పికి తెరుచుకోని తలుపు గర్భం మాట ఎత్తగానే తెరుచుకోవడాన్ని మేము కపటమనే అంటాం.

నెలసరి నొప్పి ఉన్న ప్రతి ఒక్కరికీ ఎండోమెట్రియోసిస్ ఉండదు, ఓపీలో రద్దీ ఎక్కువ, అందరికీ ఖరీదైన పరీక్షలు రాయలేం అంటారు వైద్యులు. నిజమే. కానీ నాలుగు ప్రశ్నలకు ఏ యంత్రం కావాలి? నొప్పి నెలసరికి ఎన్ని రోజుల ముందు మొదలవుతోంది? ఆ రోజుల్లో మలవిసర్జనకు కూర్చుంటే లోపల కత్తి దిగినట్టు ఉంటోందా? మూత్రం పోసేటప్పుడు నొప్పి ఉందా? కలయికలో లోతుగా పోటు వస్తోందా? అరుదుగానైనా, నెలసరి వచ్చినప్పుడల్లా కుడి భుజం లాగేవాళ్లూ ఉంటారు. గర్భాశయం లోపలి పొరను పోలిన ఆ కణజాలం అండాశయాల మీద, పేగు మీద, మూత్రాశయం మీదే కాదు, ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరపు పొర డయాఫ్రం మీద కూడా మొలవగలదు మరి, అక్కడి నొప్పి భుజంలో తెలుస్తుంది. అది హార్మోన్లకు స్పందించి వాస్తుంది, మచ్చ కడుతుంది, పక్క అవయవాలను ఒకదానికొకటి అతికిస్తుంది.

ఇక ‘స్కానింగ్ నార్మల్’ అనే ముద్ర. అండాశయంలో పాత రక్తం నిండిన తిత్తి, అంటే చాక్లెట్ సిస్టు ఉంటే స్కానింగులో కనబడుతుంది. పొత్తికడుపు లోపలి పొర మీద కొన్ని మిల్లీమీటర్ల మచ్చలుంటే కనబడవు. లోతుగా పాతుకున్న జబ్బును పట్టాలంటే గర్భాశయం వెనక పేగు స్వేచ్ఛగా జారుతోందా, అతుక్కుపోయిందా అని ప్రోబ్‌తో నెమ్మదిగా ఒత్తి చూడాలి. అది చూడకుండా ‘గర్భాశయం నార్మల్, అండాశయాలు నార్మల్’ అని రాసిన రెండు లైన్లు జబ్బు లేదనడానికి రుజువు కావు. రక్తంలో ఒక ప్రొటీన్‌ను కొలిచే సీఏ-125 పరీక్ష కూడా ఇక్కడ అక్కరకు రాదు. స్కానింగులో ఏమీ తేలకపోయినా, లక్షణాలను బట్టి లాప్రోస్కోపీ లేకుండానే చికిత్స మొదలుపెట్టవచ్చని అదే 2022 మార్గదర్శకాలు చెబుతున్నాయి. మరి దేనికోసం ఆగుతున్నట్టు? బిడ్డ కోసం వచ్చేదాకానా?

మందు రాసినా వివరం చెప్పేవారు తక్కువ. మెఫెనమిక్ యాసిడ్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు నొప్పి పుట్టించే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు కొత్తగా తయారుకాకుండా ఆపుతాయి, అప్పటికే తయారైనవాటిని తుడిచేయవు. అందుకే నొప్పి ముదిరాక మింగితే పెద్దగా పనిచేయవు. తొలి పోటుకే, వీలైతే ముందు రోజే, ఏదైనా తిన్నాక, చెప్పిన వేళల ప్రకారం వేసుకోవాలి. అల్సర్, కిడ్నీ జబ్బు, ఆస్తమా ఉంటే డాక్టరును అడగకుండా ముట్టకూడదు. డైనోజెస్ట్ అనే హార్మోన్ మాత్ర అయితే రోజుకు 2 మిల్లీగ్రాములు, విరామం లేకుండా. మొదటి నెలల్లో రక్తపు మరకలు వేళాపాళా లేకుండా కనిపిస్తాయి. ఆ ఒక్క మాట ముందే చెప్పకపోవడంతో మందు పడలేదని భయపడి మానేసేవాళ్లున్నారు. హార్మోన్ మందులు జబ్బును అణచి ఉంచుతాయే తప్ప వేళ్లతో పెకలించవు. ఆపితే నొప్పి తిరిగి రావచ్చు.

శస్త్రచికిత్స దగ్గరా ఇదే తంతు. చాక్లెట్ సిస్టు గోడను ఒలిచేటప్పుడు దాంతోపాటు ఆరోగ్యంగా ఉన్న అండాశయ కణజాలమూ కొంత పోతుంది, అండాల నిల్వ తగ్గుతుంది. ఈ సంగతి సంతకం పెట్టించుకోకముందే చెప్పాలి. గర్భసంచి తీసేస్తే పీడ వదులుతుందన్నది మరో అపోహ. మచ్చలను వదిలేసి సంచి ఒక్కటే తీస్తే నొప్పి మిగిలే ఉండొచ్చు. జబ్బుకు వేసే దశల అంకె నొప్పికి కొలత కూడా కాదు. నాలుగో దశలో ఏ బాధా లేనివారున్నారు, మొదటి దశలోనే మంచం పట్టినవారున్నారు.

బిడ్డలు వద్దనుకున్న మనిషి, ఇద్దరిని కన్నాక కూడా నొప్పితో ఉన్న మనిషి, పద్నాలుగేళ్ల పిల్ల. ‘బిడ్డ పుడితే పోతుంది’ అనేవారు ఈ ముగ్గురికీ ఏం చెబుతారు? ఎదురుగా కూర్చున్నామెను ‘పిల్లలెంతమంది’ అని అడగబోయే ముందు ‘ఏ రోజు, ఎక్కడ, పదికి ఎంత నొప్పి’ అని అడిగి కాగితం మీద రాయండి. అంత ఓపిక కూడా లేకపోతే, కనీసం ఆ కాగితం మీద ‘ఏమీ లేదు’ అని రాయడం మానుకోండి.