ప్లంబర్‌కి ఇచ్చినట్టు ఇస్తే చాలు

కుళాయి బిగించిన మనిషి పనికింత అని తీసుకుని వెళ్లిపోతాడు. ఆ కుళాయిలో నీళ్లొచ్చినన్నాళ్లూ బిందెకింత అని వసూలు చేయడు. 1992 చివర్లో అమెరికన్ రికార్డింగ్ ఇంజినీర్ స్టీవ్ ఆల్బినీ, కొత్త ఆల్బమ్ రికార్డ్ చేసే విషయమై నిర్వాణా బ్యాండ్‌కి రాసిన నాలుగు పేజీల ఉత్తరంలో అడిగింది ఈ లెక్కనే. తనకు ప్లంబర్‌కి ఇచ్చినట్టు ఇస్తే చాలన్నారు. అప్పటికి రాక్ సంగీతంలో ఆ బ్యాండ్‌ను మించిన పేరు లేదు. ఆల్బమ్ 30 లక్షల ప్రతులు అమ్ముడుపోయిందనుకుంటే, ఒకటిన్నర శాతం వాటా కింద తనకు దాదాపు 4 లక్షల డాలర్లు వస్తాయని ఆ ఉత్తరంలోనే లెక్కగట్టారు. అంత సొమ్ము తీసుకుంటే నిద్ర పట్టదని కూడా రాశారు. చివరికి లక్ష డాలర్లు ఒకేసారి తీసుకుని పని పూర్తి చేశారు. రాయల్టీ ఒక్క డాలర్ కూడా ముట్టలేదు.

లక్ష డాలర్లంటే చిన్న మొత్తమేమీ కాదు. కానీ అంతకు ఐదేళ్ల ముందు పిక్సీస్ అనే కొత్త బ్యాండ్‌కి బోస్టన్‌లో ఆల్బమ్ చేసిపెట్టినప్పుడు ఆయన తీసుకున్నది 1,500 డాలర్లు. మొత్తం మారినా పద్ధతి మారలేదు.

మన పాఠకులకు ఒక మాట చెప్పాలి. ఇక్కడ ప్రొడ్యూసర్ అంటే డబ్బు పెట్టే నిర్మాత కాదు. స్టూడియోలో కూర్చుని పాట ఎలా వినిపించాలో తేల్చేవాడు. పాశ్చాత్య సంగీతంలో చాలామంది ప్రొడ్యూసర్లు అమ్మకాల్లో వాటా తీసుకుంటారు. ఆల్బినీకి ఆ వాటా మీదే కాదు, ఆ పదం మీదా చిరాకే. అట్ట మీద పేరు వేయాల్సి వస్తే ‘రికార్డ్ చేసినవారు’ అని వేయమనేవారు. పాట బ్యాండ్‌ది, అది గదిలో ఎలా మోగిందో అలా టేపు మీదికి ఎక్కించడమే తన పని అన్నది ఆయన వాదన.

వినడానికి వినయంగా ఉంది కానీ, ఆ ‘ఎక్కించడం’లోనే ఆయన విద్యంతా ఉంది. పిక్సీస్ ఆల్బమ్‌కి ప్రతిధ్వని కావాల్సి వచ్చినప్పుడు యంత్రంతో పుట్టించకుండా సామాను మోసుకెళ్లి స్టూడియో బాత్‌రూమ్‌లో పాడించారు. నిర్వాణాకి మిన్నెసోటాలోని ప్యాకిడెర్మ్ స్టూడియోలో డ్రమ్స్ చుట్టూ 30కి పైగా మైకులు పెట్టారు. డ్రమ్ మీద పడిన దెబ్బ ఎంత ముఖ్యమో, అది గోడకు తగిలి తిరిగొచ్చే చప్పుడూ అంతే ముఖ్యమని ఆయన నమ్మకం. 1997లో షికాగోలో ‘ఎలక్ట్రికల్ ఆడియో’ పేరుతో సొంత స్టూడియో తెరిచినప్పుడు గోడలకు న్యూ మెక్సికో నుంచి కాల్చని మట్టి ఇటుకలు తెప్పించారు. లోకమంతా కంప్యూటర్‌కి మారిపోతున్నా చివరిదాకా టేపును వదల్లేదు. ఫైళ్ల రకాలు మారిపోతాయి, టేపు మాత్రం ఏళ్లు గడిచినా మోగుతుందనేవారు. 2013లో ఆ నిర్వాణా టేపులే తీసి మళ్లీ మిక్స్ చేశారు, అంటే విడివిడిగా ఎక్కించిన గొంతులనూ వాద్యాలనూ మళ్లీ పాళ్లు చూసి కలిపారు.

ఆయన కూడా వాయించే మనిషే. 1962లో కాలిఫోర్నియాలో పుట్టి, మోంటానాలో పెరిగి, జర్నలిజం చదవడానికి షికాగో పక్కనే ఉన్న నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీకి వచ్చారు. బిగ్ బ్లాక్ అనే బ్యాండ్ పెట్టి, డ్రమ్మర్ స్థానంలో యంత్రాన్ని కూర్చోబెట్టి, దాని పేరు రోలండ్ అని సభ్యుల జాబితాలో వేశారు. గిటార్ బెల్టును భుజానికి కాక మొలతాడులా నడుముకు కట్టుకునేవారు. ఫొటోలు దిద్దే ఉద్యోగం చేసుకుంటూనే ఇదంతా.

జర్నలిజం చదువు మాత్రం వృథా పోలేదు. 1993లో ‘ది బ్యాఫ్లర్’ పత్రికలో ఒక వ్యాసం రాశారు. పెద్ద కంపెనీతో ఒప్పందం చేసుకున్న నలుగురు సభ్యుల బ్యాండ్‌ని ఊహించి, పద్దు రాసి చూపించారు. అడ్వాన్స్ 2.5 లక్షల డాలర్లు. ఆల్బమ్ 2.5 లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. కంపెనీకి మిగిలింది 7,10,000 డాలర్లు. ప్రొడ్యూసర్‌కి 90,000. మేనేజర్‌కి 51,000. లాయర్‌కి 12,000. వాయించినవాళ్లకు తలా 4,031 డాలర్ల 25 సెంట్లు. ఆపైన రాయల్టీ ఖాతాలో కంపెనీకి ఇంకా 14,000 బాకీ. కిరాణా దుకాణంలో పనిచేసినా దీనికి మూడింతలు వచ్చేదని ముక్తాయించారు. ఆ 25 సెంట్లు కూడా వదలకుండా రాయడంలోనే ఉంది ఆయన కోపమంతా. ప్రొడ్యూసర్ వాటాను ఆయన ఎందుకు వద్దన్నారో ఈ పద్దు చూస్తే తెలుస్తుంది. పాట కట్టినవాడికి రాయల్టీ వద్దని ఆయన ఎప్పుడూ అనలేదు. వాళ్ల కంచంలోంచి తాను తీసుకోనన్నారు.

దీనికి మూల్యం లేకపోలేదు. నిర్వాణాకి ఆయన చేసిన రికార్డింగ్ ఆ బ్యాండ్ కంపెనీకి నచ్చలేదు. రెండు పాటలు వేరే మనిషి చేత మిక్స్ చేయించారు. అయినా 1993 సెప్టెంబర్‌లో ఆ ఆల్బమ్ ‘ఇన్ యూటెరో’ పేరుతో విడుదలై అమెరికా చార్టుల్లో మొదటి స్థానానికి చేరింది. ఆల్బినీకి మాత్రం ఆ తరువాత కొన్నాళ్లు పని దొరక్క ఇబ్బందయింది. పెద్ద కంపెనీలు పక్కన పెట్టాయి, చిన్న బ్యాండ్లేమో ఇంత పెద్దాయన మనకెక్కడ దొరుకుతాడని జంకాయి.

ఆయన్ను దేవుణ్ని చేసే ఉద్దేశం మాకు లేదు. కుర్రతనంలో రెచ్చగొట్టడమే గొప్ప అనుకుని అసహ్యమైన మాటలు చాలా అన్నారు. ఒక బ్యాండ్‌కి అత్యాచారాన్ని ఎగతాళి చేసే పేరు పెట్టారు. 2021లో వాటన్నిటినీ తలుచుకుని, సుఖంగా బతికే స్థానంలో ఉండి తెలియక చేసిన తప్పులని బహిరంగంగా ఒప్పుకున్నారు. ఎవరిమీదా నెట్టలేదు, ఆ రోజులే అలాంటివని సర్దిచెప్పుకోలేదు. రాయల్టీ విషయంలోనూ అందరూ ఆయన్నే అనుసరించాలని మేం అనడం లేదు. చేతినిండా పని ఉన్నవాడికి వద్దనడం తేలిక. నెలకో పాట దొరికే రికార్డింగ్ ఇంజినీర్‌కి ఆ వాటాయే బియ్యం ఖర్చు కావచ్చు. అన్నట్టు, ఆల్బినీ వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ అనే పెద్ద పేకాట పోటీల్లో 2018లో ఒకసారి, 2022లో ఒకసారి గెలిచారు. ఆ సొమ్ముకి మాత్రం నిద్ర బాగానే పట్టినట్టుంది!

2024 మే 7న, 61 ఏళ్ల వయసులో గుండెపోటుతో పోయారు. పది రోజులకు ఆయన బ్యాండ్ షెల్లాక్ కొత్త ఆల్బమ్, ముందే అనుకున్న తేదీకి, బయటికొచ్చింది. షికాగోలో ఆ మట్టి ఇటుకల స్టూడియో నడుస్తూనే ఉంది. రోజుకి అద్దె ఎంతో ముందే చెప్తారు. బిల్లు కట్టి, టేపు చంకన పెట్టుకుని వెళ్లిపోవచ్చు.