డూప్లెక్సు తెగ మీద ఒక పరిశోధనా ప్రతిపాదన

మానవశాస్త్రవేత్తలంటే నాకు మహా గౌరవం. మాలినోవ్‌స్కీ అనే ఆయన 1915లో ట్రోబ్రియాండ్ దీవులకు వెళ్లి, గుడారం వేసుకుని, వాళ్ల భాష నేర్చుకుని, వాళ్ల మధ్యే ఉండి అంతా రాసుకున్నాడు. తర్వాతి వాళ్లు దీవులు వదిలి నగరాలకొచ్చారు. వచ్చి తిన్నగా ఎక్కడికెళ్లారు? ఎక్కువమంది బీదవాళ్ల వాడకే. అక్కడైతే తలుపులు తీసి ఉంటాయి, కుక్క బోర్డులుండవు.

మా ఒంగోలులోనూ అంతే. నోటుపుస్తకం పట్టుకుని ఎవరొచ్చినా కుళాయి దగ్గర బిందెల వరస చూసి మురిసిపోతారు. "రోజుకెన్ని బిందెలు వాడతారమ్మా?" అని అడిగితే, వరసలో ఉన్న పెద్దావిడ "వస్తే గదా వాడేది. నీకెంత జీతం అబ్బాయా? పెళ్లయిందా? మీరేమిట్లు?" అంటుంది. కాసేపట్లో పరిశోధకుడి వంశవృక్షం ఆవిడ చేతికొస్తుంది. పీహెచ్‌డీ మాత్రం ఆయనకే ఇస్తారు.

ఎంతసేపూ కిందివాళ్లనేనా, అధికారం ఉన్నవాళ్లనూ పరిశీలించండని లారా నాడర్ అనే అమెరికా శాస్త్రవేత్త 1972లోనే అడిగింది. ఆమె మాట మీద గౌరవంతో నేను డూప్లెక్సు తెగను ప్రతిపాదిస్తున్నాను.

ఈ తెగ జలారాధకులు. సాగర్ కాలవ నీళ్లు చెరువుల్లో నిండి, పైపుల్లో బయల్దేరి, వీధి మొదట్లోకి రాగానే యజమాని లుంగీ ఎగ్గట్టి బయటికొస్తాడు. కుళాయి పైపుకు మోటారు ట్యూబు బిగిస్తాడు. అటూ ఇటూ చూస్తాడు (ఇది సంకల్పం). స్విచ్చి వేస్తాడు. వీధి చివర బిందెలో పడుతున్న ధార దారమంతై, బుడగలై, బుస్సుమని గాలై ఆగిపోతుంది. అక్కడ నిలబడ్డావిడ ఆ బుస్సును బట్టే ఎవరి మోటారో, ఎన్ని హార్స్‌పవరో చెప్పేస్తుంది. ఇక్కడ సంపు నిండాక మేడ మీది ట్యాంకు, ఆపైన కారుకు స్నానం, చివరగా లాన్‌కు అభిషేకం.

నమ్మకాలూ ఉన్నాయి. ఊళ్లో నీళ్లకు కరువొచ్చింది కుళాయి దగ్గర వాళ్లు వేస్టు చేయబట్టేనట. మోటార్లు పెడితే కనెక్షన్ కోస్తామని ఆటో మైకులో చెబితే, అది వేరే తెగకు చెప్పిన మాట.

ట్రోబ్రియాండ్‌లో ఇచ్చిపుచ్చుకునే కానుకలుగా గవ్వల హారాలు ఒకవైపు, గవ్వ కడియాలు ఎదురువైపు దీవులన్నీ తిరిగేవి. ఇక్కడ వేసవిలో బంగినపల్లి మామిడిపళ్ల బుట్ట ఒకవైపు వెళ్తుంది, తనిఖీ ఇంకోవైపు వెళ్తుంది. దీనికి విడిగా ఓ అధ్యాయం కావాలి.

పరిశోధకుడికి గుడారం అక్కర్లేదు. ఆ డూప్లెక్సు పైవాటాకు టు-లెట్ బోర్డు వేలాడుతోంది: "శాకాహారులకు మాత్రమే. మున్సిపల్ నీళ్లు 24 గంటలు."