ఛాతీలో మూడు పోలవరాలు

సూపర్ హీరో సినిమాల్లో యంత్రాలు నమ్మేలా ఉండవని గోదావరి జిల్లాల్లో ఒక అపవాదు ఉంది. భీమవరంలో సెకండ్ షో వదిలాక ఏ టీ కొట్టు దగ్గర నిలబడ్డా వినిపిస్తుంది. "అంత కరెంటు ఎక్కణ్ణుంచి లాగాడంటావు బావా?" అని ఒకాయన మొదలెడతాడు. "అది తర్వాత సంగతి, అసలు ఎర్తింగ్ ఏదీ?" అని రెండో ఆయన. కోట్ల డాలర్లు పోసి తీసినవాళ్ళని పట్టుకుని ఎర్తింగ్ ఏదని అడగడం డెల్టావాళ్ళకే చెల్లింది. ఈ అపవాదును ఖండించి, ఆ సినిమాల్లో విజ్ఞానశాస్త్రం ఎంత క్రమశిక్షణతో నడుచుకుంటుందో నిరూపించే బాధ్యతను, ఎవరూ అప్పగించకపోయినా, ఈ వ్యాసకర్త నెత్తిన వేసుకున్నాడు.

ముందు విద్యుత్తు సంగతి. 2008లో వచ్చిన ఐరన్ మ్యాన్ సినిమాలో టోనీ స్టార్క్ అనే ఆయుధాల వ్యాపారి గుహలో బందీగా ఉంటాడు. అక్కడ దొరికిన క్షిపణుల తుక్కులోంచి అరచేతిలో పట్టేంత రియాక్టరు చేసి గుండెల మీద బిగించుకుంటాడు. ఎంత పుట్టిస్తుందో కూడా తనే లెక్క చెప్తాడు: సెకనుకు మూడు గిగాజౌళ్ళు. మన భాషలో 3000 మెగావాట్లు. పోలవరం దగ్గర తలపెట్టిన జలవిద్యుత్ కేంద్రం పన్నెండు యూనిట్లూ ఒక్కసారి తిరిగినా వచ్చేది 960. అంటే ఆ చొక్కా గుండీల వెనక మూడు పోలవరాలున్నాయి, ఆ పైన కాస్త మిగులు కూడా. కాఫర్ డ్యామ్ లేదు, డయాఫ్రమ్ వాల్ లేదు, ఊళ్ళు మునగలేదు, పునరావాసం కోసం ఎవరూ ఆఫీసుల చుట్టూ తిరగలేదు. ఇంత పద్ధతిగా కట్టిన ప్రాజెక్టును మనవాళ్ళు ఎర్తింగ్ లేదని కొట్టిపారేస్తున్నారు.

అయితే ఉండి అనే ఊరి దగ్గర రొయ్యల చెరువులు చేసే ఒక ఆసామికి ఈ అంకె చెప్పినప్పుడు ఆయన వెటకారం చెయ్యలేదు. కళ్ళు మూసుకుని గుణించుకున్నాడు. చెరువు నీళ్ళని చిలికి గాలి కలిపే రెండు హార్స్‌పవర్ ఏరేటరు ఒకటిన్నర కిలోవాట్లు తాగుతుంది. ఆ లెక్కన స్టార్క్ గారి ఛాతీ మీద ఇరవై లక్షల ఏరేటర్లు తిరుగుతాయి. "ఆయ్, అంతొద్దండి. నాకు పదహారే ఉన్నాయి" అన్నాడు. ఆయన బాధ అర్థం కావాలంటే వనామీ రొయ్యల చెరువు గట్టున ఒక రాత్రి గడపాలి. పగలు నీళ్ళలోని నాచు ఎండకి ఆక్సిజన్ వదులుతుంది. రాత్రయ్యేసరికి అదీ పీల్చుకోవడం మొదలెడుతుంది. తెల్లవారుజాము మూడు, నాలుగు గంటలకి డీవో, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, పడిపోతుంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోతే, జనరేటరు వెంటనే అందుకోకపోతే, రొయ్య తేలుతుంది. రొయ్య తేలితే ఆసామి మునుగుతాడు. సినిమాలో లోకాన్ని కాపాడ్డానికి ఇంకా పద్నాలుగు నిమిషాలుందని గడియారం చూపిస్తుందే, ఆ గడియారం ఇక్కడ రోజూ రాత్రి నడుస్తుంది. వెనక సంగీతం ఉండదు, అంతే తేడా.

"ఆ బాబుని ఒక్క సీజను పంపమనండి. భోజనం, దోమతెర మనవే" అన్నాడు ఆసామి.

ఇక్కడే విమర్శకులు వేడి సంగతి ఎత్తుతారు. ఏ యంత్రమైనా కొంత శక్తిని వేడిగా పోగొట్టుకుంటుంది కదా అని. నిజమే. స్టార్క్ రియాక్టరు అద్భుతమైనదనుకుని, వెయ్యిలో ఒక వంతే వేడిగా పోతుందనుకుందాం. ఆ ఒక వంతే మూడు మెగావాట్లు. అంటే బనీనులో రెండు వేల ఇండక్షన్ పొయ్యిలు ఫుల్లులో పెట్టుకున్నట్టు. మే నెలలో అమలాపురంలో ఆ బనీను ఒక్కటీ ఒంటి మీద ఉంటేనే ఉక్కకి భరించలేం. స్టార్క్ గారి నుదుటి మీద చెమట బొట్టయినా ఉండదు. దీనికి ఈ వ్యాసకర్త సమాధానం సూటిగా ఉంది: ఆ వేడి ఎక్కడికీ పోలేదు, నిర్మాతకి తగిలింది.

అదుపు తప్పిన శక్తి ఎలా ఉంటుందో కోనసీమకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. 1995 జనవరిలో పాశర్లపూడి దగ్గర తవ్వుతున్న గ్యాసు బావి ఎగదన్ని అంటుకుంటే ఆ మంట రెండు నెలలకి పైగా ఆరలేదు. చుట్టుపక్కల ఊళ్ళు ఖాళీ చేశారు. విదేశాల నుంచి నిపుణులు దిగారు. అదే ఐరన్ మ్యాన్ మొదటి సినిమా చివర్లో పెద్ద రియాక్టరు పేలితే ఆకాశానికి ఒక నీలం స్తంభం లేస్తుంది, విలన్ పోతాడు, తర్వాత సీను ప్రెస్ మీట్. కాలిన కొబ్బరి తోటకి నష్టపరిహారం అడిగేవాడు ఆ సమావేశంలో ఒక్కడు కూడా కనిపించడు. విలేకరులు అడిగినవన్నీ స్టార్క్ తొడుక్కుని ఎగిరే ఇనుప సూటు గురించే.

నీళ్ళ గురించి కూడా చెప్పుకోవాలి. డెల్టాలో ఏ చర్చయినా చివరికి నీళ్ళ దగ్గరికే చేరుతుంది. 2005 నాటి బ్యాట్‌మ్యాన్ బిగిన్స్‌లో ఒక మైక్రోవేవ్ యంత్రం ఉంది. శత్రువుల నీళ్ళను ఆవిరి చెయ్యడానికి తయారు చేశారట. దాన్ని రైలెక్కించి ఊరంతా తిప్పితే, భూమిలో ఉన్న పైపుల్లో నీళ్ళు భగ్గుమని ఆవిరై మూతలు ఎగిరిపోతాయి. పక్కనే నిలబడ్డ మనుషులకి మాత్రం ఏమీ కాదు. మనిషి ఒంట్లో సుమారు అరవై శాతం నీళ్ళే కదా, అవెందుకు మరగలేదని మనవాళ్ళు అడుగుతారు. చదువుకున్నవాళ్ళు అడగాల్సిన ప్రశ్న కాదిది. ఆ యంత్రానికి మునిసిపాలిటీ నీళ్ళేవో, సొంత నీళ్ళేవో తెలుసు. ప్రభుత్వ ఆస్తిని తప్ప ముట్టుకోదు.

లెక్క మాత్రం ఒకసారి వేసి చూద్దాం. ఎకరం చెరువు, ఐదడుగుల లోతు. అందులో ఆరు వేల టన్నులకు పైగా నీళ్ళుంటాయి. వాటిని మరగబెట్టి పూర్తిగా ఆవిరి చెయ్యాలంటే, స్టార్క్ గారి మూడు పోలవరాలూ అప్పు తెచ్చి దింపినా గంటన్నర పడుతుంది. ఎకరానికే గంటన్నర. రైల్లో పోతూ పోతూ ఊరి నీళ్ళన్నీ లేపేసిన ఆ యంత్రం ముందు ఐరన్ మ్యాన్ ఏపాటి? బ్యాట్‌మ్యాన్ కంపెనీ అలాంటిదాన్ని ఓడలో పంపిస్తూ పోగొట్టుకుంది. మన కాలవ శివారు రైతుకి ఈ సినిమా చూపిస్తే పెద్దగా ఆశ్చర్యపోలేదు. "మా పొలానికి ఆ మిషను అక్కర్లేదండి. దాళ్వా పంటకి, అదే రబీలో, నీళ్ళు మామూలుగానే మాయమైపోతాయి" అన్నాడు.

యాంట్ మ్యాన్‌ది ఇంకో తీరు. పరమాణువుల మధ్య దూరం తగ్గించి మనిషిని చీమంత చేస్తారు. బరువు మాత్రం అలాగే ఉంటుంది కాబట్టి చీమంత మనిషి గుద్దితే తూటా తగిలినట్టు ఉంటుందని 2015 సినిమాలోనే చెప్పారు. బావుంది. ఆ మనిషే మరి చీమనెక్కి ఎగురుకుంటూ పోతాడు. మొత్తం మనిషి బరువు మోస్తున్నా చీమ నడుం విరగదు. ఈ విద్య కనిపెట్టిన పెద్దాయనైతే అసలు యుద్ధట్యాంకునే కుదించి తాళాలకి తగిలించుకుని జేబులో వేసుకు తిరుగుతాడు. జేబు చిరగదు. అంటే కొట్టేటప్పుడు బరువుంటుంది, మోసేటప్పుడు ఉండదు. ఇందులో విడ్డూరమేమిటో నాకు అర్థం కాలేదు. కొనేటప్పుడు ఒక తూకం, అమ్మేటప్పుడు ఒక తూకం చూపించే కాటాలు మన దగ్గర ఆ సినిమా కంటే ముందునుంచీ ఉన్నాయి. అంబాజీపేటలో పది టన్నుల కొబ్బరికాయల్ని కుదించి అగ్గిపెట్టెలో పెట్టి ఇస్తామంటే తీసుకునేవాళ్ళకి కొదవ లేదు, లారీ కిరాయి మిగులుతుంది. ఎటొచ్చీ, ఆ అగ్గిపెట్టెను కాటా మీద ఏ క్షణంలో పెట్టాలన్న దగ్గరే తగాదా వస్తుంది.

కెప్టెన్ అమెరికా డాలు ప్రకంపనల్ని మింగేస్తుందట. మింగితే గోడకి తగిలి తిరిగి చేతికెలా వస్తోందని అడిగినవాడికి ఆ టీ కొట్టులోనే ఒక టీ ఇప్పించాను, సమాధానం మాత్రం ఇవ్వలేదు.

పడ్డప్పుడు ఏమవుతుందన్న విషయంలో ఈ హీరోల బొమ్మల పుస్తకాలవాళ్ళు ఒక్కసారి నిజం ఒప్పుకున్నారు. 1973లో స్పైడర్ మ్యాన్ కామిక్‌లో గ్వెన్ స్టేసీ వంతెన మీంచి పడిపోతుంటే హీరో సాలెగూటి తాడు విసిరి కాలు పట్టి ఆపుతాడు. పిల్ల చనిపోతుంది. అంత వేగంలో ఉన్న శరీరాన్ని గభాల్న ఆపితే మెడ ఆగదు. మనిషిని చంపేది కింద పడడం కాదు, ఒక్కసారిగా ఆగిపోవడం. ఇది కొబ్బరి చెట్టు ఎక్కేవాళ్ళకి పుస్తకం అక్కర్లేకుండా తెలుసు. సినిమావాళ్ళు మాత్రం ఆ పాఠం చదివి పక్కన పెట్టేశారు. ఇనుప సూటులో ఆకాశం నుంచి జారి మోకాలి మీద దిగితే రోడ్డు పగులుతుంది, లోపలున్న మోకాలు పగలదు. మా వీధిలో మోకాలి చిప్పలు మార్పించుకున్న పెద్దలంతా ఆ దృశ్యాన్ని నిశ్శబ్దంగా, అసూయగా చూస్తారు.

పనితనం వేగం గురించి కూడా అన్యాయంగా మాట్లాడుతున్నారు. 2019లో వచ్చిన అవెంజర్స్ ఎండ్‌గేమ్ సినిమాలో స్టార్క్ గారు ఒక రాత్రి ఇంట్లో కూర్చుని, కంప్యూటరుకి నాలుగు మాటలు చెప్పి, కాలంలో వెనక్కి వెళ్ళే దారి కనిపెట్టేస్తాడు. ధవళేశ్వరం ఆనకట్టకి కాటన్ దొర 1847లో పని మొదలెడితే పూర్తయ్యేసరికి 1852. అంతకుముందు మద్రాసుకి రాసిన నివేదికలు, అంచనాలు, వాటి మీద అభ్యంతరాలు వేరే. ఇసకలో పునాది, కూలీల జ్వరాలు, వరదకి పనులు ఆగడం. స్టార్క్ గారికి ఎస్టిమేటు అడిగేవాడు లేడు, ఆడిట్ లేదు, టెండరు లేదు. ఉంటే ఆ కాలయంత్రం ఇప్పటికి రెండో సవరణ అంచనాల దగ్గర ఉండేది. అయినా మనవాళ్ళు ఎంత మొండివాళ్ళంటే, గోదావరి స్నానానికి చెప్పుకునే శ్లోకంలో ఇప్పటికీ కాటన్‌నే తలుచుకుంటారు, ఊరూరా గుర్రం మీద ఆయన విగ్రహమే పెడతారు. స్టార్క్ పేరు ఏ పురోహితుడి నోటా రాలేదు.

ఇన్ని చెప్పినా కరగనివాళ్ళలో ముఖ్యుడు మా వైండింగ్ షాపు బాబాయి. కాలిపోయిన మోటార్లు విప్పి రాగితీగ చుట్టే పని ఆయనది. సినిమాలన్నీ చూస్తాడు, ఏదీ ఒప్పుకోడు. ఆయనకి నచ్చిన సీను మొత్తానికి ఒక్కటే. 2010లో వచ్చిన ఐరన్ మ్యాన్ రెండో భాగంలో స్టార్క్ గారు కొత్త మూలకం పుట్టించాలని ఇంట్లోనే కణాల్ని తిప్పే గొట్టం బిగిస్తాడు. జెనీవా దగ్గర అటువంటి యంత్రమే ఇరవై ఏడు కిలోమీటర్ల చుట్టుకొలతతో భూమిలో ఉంది, ఈయనకి ఇంటి నేలమాళిగ చాలింది. గోడలు పగలగొడతాడు, గొట్టం లెవెల్ రాదు. అప్పుడు దొరికిన డాలు ఒకటి తీసి కింద ఎత్తు పెడతాడు. ఆ తర్వాత పెద్ద స్పానరు పట్టుకుని కిరణాన్ని తిప్పుతాడు. బాబాయి ఆ చోట సీట్లోంచి లేచి "ఇదిగో, ఇది పని!" అన్నాడు. మోటారు కింద ఇటుక ముక్క పెట్టడం, బెల్టు జారితే అట్టముక్క మడిచి దూర్చడం ఆయన ముప్పొద్దులా చేసేదే. అమెరికాలో కూడా లెవెల్ అలాగే చూస్తారని తెలిసి ఆయనకి ఆ దేశం మీద కాస్త గౌరవం వచ్చింది.

మిగతా విషయాల్లో ఆయన అభ్యంతరాలు అలాగే ఉన్నాయి. అన్ని సూట్లు కాలిపోతుంటే షాపు ఏదీ? బేరింగ్ ఎవరు మార్చారు? విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయి? హీరో ఊళ్ళో లేనప్పుడు చూసే కుర్రాడెవడు? సూటు తొడుక్కునే సీను ప్రతిసారీ ఉంటుంది, గ్రీజు పెట్టే సీను ఒక్కసారీ లేదు. ఉప్పుగాలికి అంతర్వేది దగ్గర ఇనుప గేటే రెండేళ్ళు ఆగదు, ఆ సూటు ఏ పెయింటు కొట్టుకుని వస్తుంది? ఇవన్నీ చిన్న విషయాలని, కథకి అడ్డమని నేను శాంతంగా చెప్పాను. రియాక్టరును చెరువు గట్టుకి తెచ్చి చేంజోవర్ స్విచ్ ద్వారా ఆసామి షెడ్డుకి కలిపితే మొత్తం డెల్టా ఎలా మారిపోతుందో కూడా వివరించాను.

బాబాయి చేతిలో తీగ చుట్టడం ఆపాడు.

"సర్లెండి, కలుపుదాం. ఒక్క అనుమానం. మన త్రీఫేజు మోటారుకి రెండు వైర్లు తారుమారైతే ఏరేటరు వెనక్కి తిరుగుద్ది. కొత్త కుర్రాళ్ళు ఎప్పుడూ చేసే పనే. మరి ఆ బాబు గాల్లో ఉండగా వైర్లు తారుమారైతే, పైకెళ్ళాల్సినాయన కిందకెళ్తాడా, లేకపోతే కాళ్ళు పైకెట్టి ఎళ్తాడా?"

నా దగ్గరున్న సినిమాలన్నీ మళ్ళీ చూస్తున్నాను. కొత్త కుర్రాడు వైరు కలిపే సీను ఇంకా తగల్లేదు.