జీతం లేకుండా గుమాస్తాగా చేరతామన్న నవలా సాఫ్ట్‌వేర్లకు

మహారాజశ్రీ ఉచిత నవలా సాఫ్ట్‌వేర్ గార్లకు,

ఒడిశా గజపతి జిల్లా పర్లాకిమిడిలో ఉంటూ తెలుగులో నవలలు రాసుకునేవాళ్లం రాయించుకున్న లేఖ. ఉభయకుశలోపరి.

మా నవలకు గుమాస్తాగా చేరతామని, జీతం బత్తెం ఏమీ అక్కర్లేదని మీరంతా పెట్టుకున్న దరఖాస్తులు అందాయి. చాలా సంతోషం. ఇంతవరకూ ఈ కొలువులో ఉన్నది లాంగ్ నోటుబుక్కు. దానిమీద చెదల ఫిర్యాదు తప్ప మరొకటి లేదు. మీరు చెదలు పట్టరు కాబట్టి ఒక మార్కు ముందే వేశాం. మిగతా మార్కులు ఎలా వేశామో, ఎందుకు కోశామో కింద మనవి చేస్తున్నాం.

మీ అర్హతల జాబితా చూస్తే కళ్లు తిరిగాయి. కార్క్‌బోర్డు (సన్నివేశాల చీటీలు గుచ్చుకునే పలక), పాత్రల ఫైళ్లు, కాలక్రమం పట్టీ, రోజువారీ లక్ష్యం, నల్లటి తెర. తెలుగు వచ్చునా అని అడిగితే మాత్రం అందరూ ‘యూనికోడ్ (లిపుల అక్షరాలకు నంబర్లిచ్చే పట్టిక) ఉందండీ’ అని నేల చూపులు చూశారు. అందుకని అందరికీ ఒకటే పరీక్ష పెట్టాం. ‘రాష్ట్రం దాటిన స్త్రీ సాఫ్ట్‌వేర్ లక్ష్యం’ అని టైపు చేయించాం. అర్థం కోసం వెతక్కండి, ఒత్తులు చూడండి. ‘స్త్రీ’ మాకు ఒక్క అక్షరం, మీ లెక్కలో ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఆ నంబర్లను ఫైల్లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి 3 బైట్ల చొప్పున 18 బైట్లు. ‘సాఫ్ట్‌వేర్’లో ఇంకో కనపడని ఘటం ఉంది. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్, నంబరు యూ+200సీ. ట కింద వ ఒత్తు వేలాడకుండా ఆపడమే దాని ఉద్యోగం. వాక్యం టైపయ్యాక సేవ్ చేసి, మూసి, మళ్లీ తెరిచి, వర్డ్ ఫైలుగా (.docx) ఎగుమతి చేసి, దాన్ని వేరే కంప్యూటర్లో తెరిచాం. ఆ కనపడని అక్షరాన్ని దారిలో జారవిడుచుకున్నవాళ్లు మా ముందు ‘సాఫ్ట్వేర్’ అని నిలబడ్డారు. వాళ్లకు కాఫీ ఇచ్చి పంపేశాం.

ఇక పేరుపేరునా.

బిబిస్కో గారూ, మీ కమ్యూనిటీ ఎడిషన్ ఉచితమే, కొన్ని గదులకు మాత్రం తాళం వేసి తాళంచెవి డబ్బులిచ్చేవాళ్లకు పెట్టారు. అది మీ ధర్మం, మాకు పేచీ లేదు. మా పేచీ మీ పాత్రల ఇంటర్వ్యూ గురించి. రూపురేఖలు, ప్రవర్తన, మనస్తత్వం, కథకు ముందు జీవితం అంటూ కూర్చోబెట్టి ఆరా తీస్తారు. మా సరిహద్దులో పాత్ర గురించి ముందు తెలియాల్సింది వాడు ఒడియా మీడియంలో చదివాడా, తెలుగు బళ్లోనా, పిల్లనిచ్చింది పలాసవైపా గుణుపురంవైపా అన్నది. దానికి గడి ఏదండీ? ఉన్నవన్నీ నింపేసరికి పాత్ర జాతకం తయారవుతుంది, మొదటి అధ్యాయం మాత్రం తయారవ్వదు.

మనుస్క్రిప్ట్ గారూ, కథను ముందు ఒక వాక్యంలో, తరవాత ఒక పేరాలో, ఆపైన ఒక పేజీలో చెప్పమంటారు. ర్యాండీ ఇంగర్‌మాన్సన్ గారి స్నోఫ్లేక్ పద్ధతి అది. మంచి పద్ధతే, ప్లాట్ గట్టిగా ఉండే డిటెక్టివ్ నవలకు దివ్యంగా పనికొస్తుంది. ఊరి చరిత్ర రాసేవాడికి ఆ ఒక్క వాక్యం దొరికేది నవల అయిపోయాకే.

వైరైటర్ గారూ, మిమ్మల్ని తయారుచేసిన సైమన్ హేన్స్ గారు స్వయంగా నవలాకారుడు. అందుకే మీకు సన్నివేశం అంటే ఏమిటో తెలుసు. అధ్యాయం లోపల సన్నివేశాలు, వాటిని పైకీ కిందికీ జరుపుకునే సదుపాయం, ఏ సన్నివేశం ఎవరి కళ్లతో చూస్తున్నామో రాసుకునే చోటు, అన్నీ పద్ధతిగా ఉన్నాయి. విండోస్ వాళ్లు పిలిస్తే పలకండి.

స్క్రివెనర్ గారు ఈ వరసలో ఎందుకు కూర్చున్నారో అర్థం కాలేదు. మీది 30 రోజుల ట్రయల్. తెరిచిన రోజులే లెక్కపెడతారు, అది మర్యాదే. కానీ నెలలో నవల ముగించే మొనగాడైతే మీ సాయం ఎందుకు?

గూగుల్ డాక్స్ గారూ, మీతో కొంచెం ఎక్కువసేపు మాట్లాడాలి. ఫోన్లో జీబోర్డుతో తెలుగు నోటితో చెబితే టైపు చేస్తారు, ఒకరు రాసింది ఇంకొకరు దిద్దుకోవచ్చు, ఏ రోజు ఏం మార్చామో వెర్షన్ హిస్టరీలో చూపిస్తారు. ఇవన్నీ ఒప్పుకుంటాం. ఒక డాక్యుమెంటులో 10 లక్షల 20 వేల క్యారెక్టర్ల దగ్గర మీరు గేటు వేస్తారు. ఇంగ్లీషు వాళ్లకది సముద్రం. మాకు మాటకు ఎనిమిది, ఖాళీకి ఒకటి వేసుకున్నా 60,000 మాటల నవలకే 5,40,000 ఖర్చయిపోతాయి. లక్షా పదమూడు వేల మాటలు దాటిన కుటుంబ గాథను రెండు ఫైళ్లుగా చీల్చాల్సిందే. పైగా మీరుండేది మేఘంలో. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి మా జిల్లా మీదుగా పోయినప్పుడు కరెంటూ లేదు, సిగ్నలూ లేదు. ఆఫ్‌లైన్ సదుపాయం ఉంది కదా అంటారు. ఉంది, దాన్ని సిగ్నల్ ఉన్నప్పుడే క్రోమ్‌లోనో ఎడ్జ్‌లోనో ఆన్ చేసి పెట్టుకోవాలి. మిమ్మల్ని చిత్తుప్రతికి పెట్టుకుంటాం. ప్రతి ఆదివారం ఫైల్‌ను ఓడీటీగా (లిబ్రెఆఫీస్ వాడే ఫైలు రకం) దించుకుని పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటాం, నొచ్చుకోవద్దు.

నావెల్‌రైటర్ గారూ, రండి, కుర్చీ వేసుకోండి. మీరు నవలంతా సాదా టెక్స్ట్ ఫైళ్లలో దాస్తారు. ఒక హ్యాష్ గుర్తు పెడితే నవల పేరో భాగమో, రెండు పెడితే అధ్యాయం, మూడైతే సన్నివేశం. మీరు రేపు చచ్చిపోయినా (చిరంజీవిగా ఉండండి) ఆ ఫైళ్లు నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటాయి. 60,000 మాటల నవల పదిహేను లక్షల బైట్లు, అంటే ఒక ఫోటో కంటే చిన్నది. ఎక్కడికైనా పంపుకోవచ్చు. వంక ఒకటుంది: ముద్రణకు తగ్గ పేజీల అమరిక మీ పని కాదు, ఓడీటీగా ఇచ్చి ఇంకొకరికి అప్పగించాలి.

ఆ ఇంకొకరు లిబ్రెఆఫీస్ రైటర్ గారు. ఉద్యోగం మీకే. కానీ చేరిన మొదటిరోజే మిమ్మల్ని దారిలో పెట్టాలి, లేకపోతే మా ప్రాణం తీస్తారు. పేరాగ్రాఫ్ స్టైల్‌లో వెస్టర్న్ ఫాంటు పేరు మార్చినా తెలుగు అక్షరం కదలదు, కొత్తగా వచ్చిన ప్రతివాడూ అక్కడే జుట్టు పీక్కుంటాడు. కారణం, మీ దృష్టిలో తెలుగు ‘కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్’ (సీటీఎల్) జాతి, అంటే అక్షరాలు కలిసి రూపు మారే లిపి. దానికి ఫాంటు వేరు, సైజు వేరు, భాష వేరు. టూల్స్‌లో ఆప్షన్స్, అందులో భాషల విభాగం తెరిచి, కాంప్లెక్స్ టెక్స్ట్ దగ్గర టిక్కు పెట్టి తెలుగు ఎంచుకోవాలి. తరవాత ఎఫ్11 నొక్కి, డిఫాల్ట్ పేరాగ్రాఫ్ స్టైల్‌లో సీటీఎల్ ఫాంటుగా నోటో సెరిఫ్ తెలుగో, పోతనో పెట్టాలి. లైన్ స్పేసింగ్ ‘ఫిక్స్‌డ్’లో పెడితే కిందివరస ఒత్తులు తెగిపోతాయి, ‘ప్రొపోర్షనల్’లో 130 శాతం దగ్గర మొదలుపెట్టి కంటికి నచ్చేదాకా జరుపుకోవాలి. అధ్యాయం పేర్లకు కంట్రోల్+1 కొట్టి హెడింగ్ 1 ఇస్తే, ఎఫ్5తో వచ్చే నావిగేటర్‌లో అధ్యాయాలన్నీ వరసగా కనిపిస్తాయి, మౌస్‌తో పట్టుకుని ముందుకీ వెనక్కీ జరపొచ్చు. దానికోసం కార్క్‌బోర్డు ఎందుకండీ? ఆటోరికవరీ మామూలుగా 10 నిమిషాలకు ఉంటుంది. మా ఊళ్లో ఉరుము వినిపించాక కరెంటు అంతసేపు ఆగదు, 2 నిమిషాలు చేయండి. ‘ఎప్పుడూ బ్యాకప్ కాపీ’ అన్నదానికీ టిక్కు పెట్టండి.

పాత్రల పేర్లు మార్చే పని మాత్రం మీలో ఎవరికీ అప్పగించం. ‘సుందరం’ అన్న పేరును ‘వెంకటం’గా మార్చమంటే రీప్లేస్ ఆల్ కొట్టి చేతులు దులుపుకుంటారు. సుందరానికి, సుందరాన్ని, సుందరానిది, ఇవన్నీ పాతపేరుతోనే మిగిలిపోయి ఒకే మనిషి ఇద్దరవుతాడు. పైపెచ్చు ‘మహేంద్రతనయ సుందరంగా పారుతోంది’ అన్న వాక్యంలో ఏరు వెంకటంగా పారుతుంది. విభక్తి రూపం ఒక్కొక్కటీ విడిగా వెతికి, ఒక్కొక్కటే చూసి మార్చాల్సిందే.

అక్షరదోషాల పరీక్షకుడికి కూడా ఒక ముక్క. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరండీ ఇది. ఇక్కడ కూర్చుని ‘బేగి రా’ అంటే ఎర్రగీత, ‘గుంటడు’ అంటే ఎర్రగీత! సంధి కలిసిన మాట, నాలుగు ప్రత్యయాలు తగిలిన మాట కనిపిస్తే చాలు, గీతే. పేజీ అంతా రక్తసిక్తం. మీ నిఘంటువులో ఉన్నది మూలరూపాలు, మేము రాసేది వాటి సంతానం. రాసేటప్పుడు ఆ గీతలు ఆపేసి, చివర్లో ఒకసారి వెలిగించి, నిజంగా తప్పులైనవి ఏరుకుంటాం. యాస మాటల్ని ‘యాడ్ టు డిక్షనరీ’ చేసుకుంటూ పోతే రెండో నవలకు మీరే కాస్త శ్రీకాకుళం మనిషవుతారు.

రోజుకు ఇన్ని మాటలు రాయాలన్న మీ లక్ష్యాలు కూడా మాకు సరిపడవు. నవంబరులో 50,000 మాటలు, రోజుకు 1,667 అని ఎవరో పెట్టిన కొలత. ‘చెప్పలేకపోయినందువల్లనేమో’ అని రాసినా మీరు లెక్కవేసేది ఒక్క మాటే. సగానికి తగ్గించండి.

ఒడియా సంగతి. మా నవలల్లో మనుషులు బజార్లో ఒక భాష, ఇంట్లో ఒక భాష మాట్లాడతారు. ఒడియా మాటను ఒడియా లిపిలోనే పెట్టాలనుకుంటే తెలుగు ఫాంటులో ఆ అక్షరాలు ఉండవు, డబ్బాలు వస్తాయి, లేదా కంప్యూటర్ తనకు తోచిన ఫాంటు అతికిస్తుంది. లిబ్రెఆఫీస్‌లో ‘ఒడియా మాట’ అని ఒక క్యారెక్టర్ స్టైల్ చేసి, సీటీఎల్ ఫాంటుగా నోటో సాన్స్ ఒరియా, భాషగా ఒడియా ఇస్తే గొడవ ఉండదు. సవర మాటలకు సొరాంగ్ సొంపెంగ్ లిపి కూడా 2012లోనే యూనికోడ్‌లోకి వచ్చింది, ఫాంటు వేసుకుంటే చాలు. టైపింగ్‌కు కొత్త విద్య అక్కర్లేదు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో మీట కే నొక్కితే తెలుగులో క, ఒడియాలోనూ క, డీ నొక్కితే రెండిట్లోనూ పొల్లు. బళ్లో ఒడియా నేర్చిన వేళ్లు తెలుగూ కొడతాయి.

ఇంత చేశాక ప్రెస్సువాళ్లు ‘అను ఫాంట్లలో ఉందా?’ అంటారు. మీ జాతకం తేలేది ఇక్కడే. ఆ పాతరకం ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కల్ని కూర్చోబెట్టినవి. మన యూనికోడ్ ఫైల్‌ను కన్వర్టర్లో వేసి అటు మారిస్తే, మధ్యలో ఉన్న ఇంగ్లీషు మాటా కొటేషన్ గుర్తులూ పిచ్చి తెలుగవుతాయి, ఒడియా గల్లంతవుతుంది, మళ్లీ మొదటినుంచీ ప్రూఫులు. కాబట్టి నవల మొదలుపెట్టకముందే అడగాలి: యూనికోడ్‌లోనే పేజీలు పెడతారా? పేజీలు పెట్టే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్ ఉందంటే, పేరాగ్రాఫ్ స్టైల్‌లో జస్టిఫికేషన్ కింద కంపోజర్‌ను ‘వరల్డ్ రెడీ’కి మార్చమని చెప్పాలి. మార్చకపోతే ఒత్తులు అక్షరం కింద కాకుండా పక్కన వచ్చి కూర్చుంటాయి. ఆ ఖర్చు వద్దనుకుంటే అదే పని చేసే స్క్రైబస్ ఉచితం, కాని 1.6 గానీ ఆ పైది గానీ కావాలి, పాత 1.4కు తెలుగు ఒత్తులు తెలియవు. ఏదైనా సరే, వర్డ్ ఫైల్ పక్కన పీడీఎఫ్ కూడా పంపాలి, తేడా వస్తే పోల్చుకోవడానికి. పేజీ సైజు మొదటే 5.5 అంగుళాలకు 8.5 పెట్టుకుంటే లావు తెలుస్తుంది. పేజీకి 240 మాటల లెక్కన 60,000 మాటలు 250 పేజీలు, పదహారేసి పేజీల ఫారాలు పదహారు కావడానికి ఆరు పేజీలు తక్కువ. ముందుమాటకు అంతే చోటు, అంతకంటే ఎక్కువ రాసే పెద్దమనిషిని అడగకూడదు.

లిబ్రెఆఫీస్ గారు, నావెల్‌రైటర్ గారు సోమవారం నుంచి రావచ్చు. డాక్స్ గారు సిగ్నల్ ఉన్నప్పుడు. మిగతావారి దరఖాస్తులు ఫైల్లో ఉంటాయి.

ఇట్లు,
పర్లాకిమిడిలో తెలుగు నవలలు రాసేవాళ్లం

తా.క. ఫోకస్‌రైటర్ గారూ, మీ పేరు పైన రాయలేదని అలగొద్దు. నిండుతెరా, ఓడీటీలో సేవ్ చేసే బుద్ధీ నచ్చాయి, రాత్రి డ్యూటీకి మిమ్మల్నే వేశాం. సెట్టింగుల్లో ఆ టైపు మిషను చప్పుడు మాత్రం తీసేసి రండి, పక్కింటి గుంటడికి పదో తరగతి పరీక్షలు.